గాలి హోరుకు నిద్ర పట్టకపోతే: బరంపురం వైపు నుంచి ఇంగ్లండు వచ్చే పిల్లలకు

ఇంగ్లండు బయల్దేరే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు బరంపురంలో నన్ను అడిగేవి ఏటా ఇంచుమించు అవే ప్రశ్నలు. అప్పడాలు, పచ్చళ్లు ఎన్ని కిలోలు పట్టుకెళ్లనిస్తారు? కుక్కర్ ఇక్కడే కొనుక్కోవాలా? పార్ట్‌టైమ్ పని ఎన్నాళ్లకి దొరుకుతుంది? మనసు సంగతి ఎవరూ ఎత్తరు. అది నవంబరులో, రాత్రిపూట, వాట్సాప్‌లో వస్తుంది. "ఆంటీ, ఏం లేదు, ఊరికే చేశాను" అంటారు. ఊరికే చేసినవాళ్లతోనే ఎక్కువసేపు మాట్లాడాల్సి వస్తుంది.

నేను బర్మింగ్‌హామ్‌లో స్థిరపడి ఇరవై ఏళ్లు దాటింది. డాక్టర్ని కాను, కౌన్సెలర్నీ కాను. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల నుంచి వచ్చిన మన తెలుగు పిల్లలతో కూర్చుని, అవసరమైతే వాళ్ల వెంట క్లినిక్‌కి వెళ్లి తెలుసుకున్నవే చెప్తున్నాను.

టెన్షన్ అనగానే అందరూ ఒకే మందు చెప్తారు. ధ్యానం చెయ్యి, యోగా చెయ్యి, పాజిటివ్‌గా ఉండు. అద్దె కట్టడానికి డబ్బు లేనివాడికి ధ్యానం చెప్పడం ఏం న్యాయం? చిన్నప్పటి తుఫాను ఇంకా కలలోకి వచ్చే పిల్లకి "బిజీగా ఉండు, అదే పోతుంది" అనడమూ అంతే. మీ కష్టం ఏ రకానిదో ముందు తేల్చుకోండి. ఏం చేయాలన్నది ఆ తర్వాతే.

డబ్బు, వీసా, ఇల్లు, చదువు: ఇవి నిజమైన సమస్యలు. వీటికి కాగితం, పెన్ను కావాలి. ఏం కట్టాలి, ఏ తేదీలోపు, ఎవరిని అడగాలి అని రాసుకోండి. యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల కోసం ఒక ఆఫీసు ఉంటుంది, వాళ్ల పనే ఇది. చాలా యూనివర్సిటీల్లో డబ్బు ఇబ్బందుల్లో పడ్డవాళ్ల కోసం ఒక నిధి కూడా ఉంటుంది, మనవాళ్లు సిగ్గుపడి అడగరు. డిగ్రీ చదివేవాళ్లకి చదువు రోజుల్లో వారానికి 20 గంటలే పని. "క్యాష్ ఇస్తాం, ఎవరికీ తెలీదు" అనేవాడి మాట విని ఆ హద్దు దాటితే, తర్వాత పట్టుకునే భయానికి ఏ ప్రాణాయామమూ పనిచేయదు. ఈ సంగతి ఇంతటితో వదిలేస్తాను. చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

రెండో రకం, ఏ కారణమూ కనిపించని నీరసం. లేవబుద్ధి కాదు, వండుకోబుద్ధి కాదు, ఫోన్ చేతిలోనే ఉంటుంది కానీ ఎవరికీ ఫోన్ చేయబుద్ధి కాదు. మనవాళ్లు దీన్ని బద్ధకం అనుకుంటారు. ఇందులో కొంత పాపం వెలుతురుది. బరంపురంలో డిసెంబరులో అతి చిన్న రోజైనా పగలు సుమారు 11 గంటలు ఉంటుంది. లండన్‌లో అదే రోజు 8 గంటలకి తక్కువ. నాలుగు కాకుండానే చీకటి పడిపోతుంది. చలికాలంలో మాత్రమే వచ్చి వసంతానికి తగ్గే దిగులును నార్మన్ రోసెంతాల్ అనే సైకియాట్రిస్టు, ఆయన తోటివారు 1984లోనే వివరంగా రాశారు. దీనికి 10,000 లక్స్ (వెలుతురు కొలత) వెలుగిచ్చే దీపాలు అమ్ముతారు. పొద్దున అరగంట ముందు పెట్టుకుని కూర్చోవాలి. కంటి జబ్బు ఉన్నవాళ్లు, బైపోలార్ (మనసు ఒకసారి ఉప్పొంగి, ఒకసారి కుంగిపోయే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా వాడకూడదు. నన్నడిగితే దీపం కొనేముందు ఉచితంగా దొరికేది వాడండి: మబ్బు పట్టినా సరే, పొద్దున బయట నడవండి.

ఆ నడకలోనే అమ్మకి ఫోన్ చేసేయొచ్చు. చలికాలంలో మన టైము ఇక్కడికంటే అయిదున్నర గంటలు ముందు. మీరు రాత్రి పది గంటలకి షిఫ్టు దిగి మాట్లాడదామనుకుంటే ఊళ్లో తెల్లవారుజాము మూడున్నర. ఎవరూ ఎత్తరు, మీ ఒంటరితనం ఇంకాస్త పెరుగుతుంది. అదే పొద్దున ఎనిమిదికి చేస్తే అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర. భోజనాలవుతుంటాయి, అమ్మ తీరిగ్గా మాట్లాడుతుంది. విటమిన్ డి కూడా మర్చిపోకండి. ఇక్కడి ప్రభుత్వం శరత్తు, చలికాలాల్లో రోజుకి 10 మైక్రోగ్రాములు అందరినీ వేసుకోమంటుంది. మనలాంటి చామనఛాయ, నల్లని ఒళ్లున్నవాళ్లకి ఏడాది పొడుగునా.

నిద్ర విషయంలో ఒకటే చెప్తాను. పడుకుని ఇరవై నిమిషాలైనా పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో ఏదైనా బోరు కొట్టే పని చేసి, నిద్ర వచ్చాకే మళ్లీ ఎక్కండి. మంచం మీదే ల్యాప్‌టాప్, మంచం మీదే భోజనం, మంచం మీదే ఏడుపు అయితే మంచం అంటే నిద్ర అన్న సంగతే ఒళ్లు మర్చిపోతుంది. గదే ఒకటి, కుర్చీ కూడా లేదంటారా? ఒక కుర్చీ కొనండి. సాయంత్రం టీ, కాఫీ తగ్గించండి. తాగిన కాఫీలోని కెఫీన్ సుమారు సగం అయిదు గంటల తర్వాత కూడా ఒంట్లో ఉంటుంది. నిద్ర కోసం మందు కొట్టేవాళ్లకి తొందరగా నిద్ర పట్టొచ్చు, కానీ అర్ధరాత్రి మెలకువ వచ్చేస్తుంది.

ఇక మనుషులు. మన సరిహద్దు జిల్లాల పిల్లలకి ఇక్కడ ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. తెలుగు సంఘానికి వెళ్తే "మీది ఏ జిల్లా?" అంటారు. గంజాం అనగానే "అయితే ఒడియావాళ్లా?" అంటారు. ఒడియా సమాజానికి వెళ్తే ఇంటిపేరు విని తెలుగువాళ్లంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పటి నుంచి మనకి ఇది అలవాటే. కానీ దిగులుగా ఉన్నప్పుడు అదే మాట ముల్లులా గుచ్చుకుంటుంది. నా సలహా, రెండు చోట్లకీ వెళ్లండి, ఉగాదికీ రజ సంక్రాంతికీ. అయితే ఏడాదికోసారి చీరలు, కుర్తాలు కట్టుకుని వెళ్లే పెద్ద ఫంక్షన్ల వల్ల మనసు కుదుటపడదు. వారం వారం అదే రోజు, అదే గంటకి, అవే మొహాలు కనపడే పని ఒకటి పెట్టుకోవాలి. క్రికెట్ కావచ్చు, బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లోని బాలాజీ గుడిలో సేవ కావచ్చు, పక్క గదివాళ్లతో ఆదివారం వంట కావచ్చు. మూడ్ వచ్చాక వెళ్దాం అనుకుంటే రాదు. మూడ్ లేకపోయినా వెళ్లండి, చాలాసార్లు అది వెనకే వస్తుంది. దిగులుకి ఇచ్చే చికిత్సల్లో ఒకటి అచ్చంగా ఈ పద్ధతి మీదే నడుస్తుంది.

మూడో రకం, ఒంట్లో మిగిలిపోయిన పాత భయం. దీని గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఎనిమిదేళ్లో పదేళ్లో ఉన్న పిల్లలే ఇప్పుడు డిగ్రీలకి, మాస్టర్స్‌కి వస్తున్నారు. గంటకి సుమారు 200 కిలోమీటర్ల గాలి. తలుపులకి అడ్డంగా బీరువాలు జరిపి, మంచాల కింద గడిపిన రాత్రి అది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండల మీద పడింది, కొండచరియలు విరిగి మనుషులు పోయారు. ఆ వైపు పిల్లలకి అది పుస్తకంలో చదివిన సంగతి కాదు. ఇక్కడ చలికాలంలో గాలివానలు వస్తాయి. మన తుఫాన్లతో చూస్తే ఇవి చిన్నవే. అయినా కిటికీ సందులోంచి ఆ ఈల వినగానే ఛత్రపురం కుర్రాడొకడికి చెమటలు పట్టేవి, ఫ్లాట్‌లో లైట్లన్నీ వేసుకుని కూర్చునేవాడు. రూమ్మేట్లు నవ్వారు. వాడూ నవ్వాడు, కానీ వాన పడే రాత్రుల్లో పడుకోవడం మానేశాడు.

ఇది పిరికితనం కాదు. అప్పటి అలారం ఒంట్లో ఇంకా ఉంది. తుఫానొక్కటే కాదు, బైక్ యాక్సిడెంటు, ఇంట్లో దెబ్బలు, ఒంటి మీద చెయ్యి వేసిన బంధువు, ఏదైనా కావచ్చు. అలారం మోగినప్పుడు దాన్ని వాదించి ఆపలేం. పాదాలు నేలకి గట్టిగా ఆనించండి. కళ్లు తెరిచే ఉంచి కనపడే అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. ఈ రోజు తేదీ, ఉన్న ఊరు, వీధి పేరు చెప్పండి. చన్నీళ్లు మొహం మీద చల్లుకోండి. తీసుకునే ఊపిరి కంటే వదిలే ఊపిరి నెమ్మదిగా ఉండేలా చూడండి. ఇవి మామూలు రోజుల్లో నాలుగైదు నిమిషాలు అలవాటు చేసుకుంటేనే ఆ రాత్రి గుర్తొస్తాయి. కొందరికి కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెడితే భయం ఇంకా పెరుగుతుంది. అలాంటివాళ్లు ధ్యానం యాప్‌లు పక్కన పెట్టేయండి, తప్పేం లేదు. ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికా డాక్టరు 1920ల్లో నేర్పిన పద్ధతి వాళ్లకి నప్పుతుంది. పిడికిలి బిగించి కొన్ని సెకన్లు ఉంచి వదలడం, తర్వాత భుజాలు, దవడ, కాళ్లు.

రాసుకోవడం గురించి కూడా అడుగుతుంటారు. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. వరుసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, తమను బాధపెట్టిన సంఘటనల గురించి రాయమన్నారు. ఏం జరిగిందో, అప్పుడు ఎలా అనిపించిందో రెండూ రాసినవాళ్లకి రాసిన వెంటనే మనసు బాగా పాడైంది. తర్వాతి నెలల్లో మాత్రం క్యాంపస్ డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. కాబట్టి మొదటి రోజు ఏడుపొస్తే కంగారు పడకండి. కానీ నిన్న మొన్న జరిగిన ఘోరాన్ని ఇలా తవ్వొద్దు. రాసేకొద్దీ దిగజారిపోతుంటే ఆపేయండి. ఎవరికీ చూపించక్కర్లేదు, తెలుగులో ఒడియా కలిసినా, ఒడియాలో తెలుగు కలిసినా దిద్దేవాళ్లు లేరు.

స్నేహితులకి ఒక మాట. ఏదైనా ఘోరం జరిగిన వెంటనే "చెప్పు, అంతా చెప్పేయ్, తేలికైపోతావ్" అని పీడించకండి. ఇంగ్లండులో చికిత్సలకు మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2018లో అలా కూర్చోబెట్టి చెప్పించే పద్ధతి వద్దనే రాసింది. అన్నం పెట్టండి, పక్కన పడుకోండి, మాట్లాడితే వినండి. నెల దాటినా అవే పీడకలలు, అదే ఉలికిపాటు, ఆ సంగతి గుర్తొచ్చే చోట్లన్నీ తప్పించుకు తిరగడం ఉంటే మాత్రం ఇంటి చిట్కాలు చాలవు. ట్రామా, అంటే మనసుకి తగిలిన పాత దెబ్బ, దాని మీద పనిచేసే సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మాటలతో మార్చుకునే పద్ధతి), ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకం మీద పనిచేసే పద్ధతి) అనే చికిత్సలున్నాయి. ఆ సీబీటీ మామూలుగా 8 నుంచి 12 సెషన్లు. ఛత్రపురం కుర్రాడు ఆ దారినే వెళ్లాడు. గాలివానంటే ఇప్పటికీ వాడికి ఇష్టం లేదు, కానీ నిద్రపోతాడు.

అక్టోబరులో దూరం నుంచి తుఫాను చూసేవాళ్ల యాతన వేరే. టీవీ ఛానళ్లు పాత దృశ్యాలే తిప్పి తిప్పి చూపిస్తాయి. మీరు వాటికి అతుక్కుపోతారు. సీజన్ రాకముందే ఇంట్లో ఒప్పందం చేసుకోండి: విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో ఉన్న ఒక చుట్టానికి ఇంట్లోవాళ్లు కబురు చెప్తారు, మీరు ఆ చుట్టానికే ఫోన్ చేస్తారు. ఫైలిన్ తర్వాత బరంపురంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్ కలవలేదంటే ఛార్జింగ్ అయిపోయిందనో టవర్ పడిపోయిందనో ముందు అనుకోవాలి. వాతావరణ శాఖ తుఫాను బులెటిన్లు మూడు గంటలకోసారి వస్తాయి, మీరూ ఆ లెక్కనే చూడండి. మధ్యలో పడుకోండి.

ఇంటి దగ్గర అమ్మానాన్నలకి: పిల్లాడు "బాగాలేదమ్మా" అంటే "దిష్టి తగిలింది" అనండి, మిరపకాయలు తిప్పండి, నాకేం అభ్యంతరం లేదు, మా అమ్మా తిప్పేది. దాంతో పాటు డాక్టరు దగ్గరికి వెళ్లమనండి. "పిచ్చి డాక్టరు దగ్గరికా, రేపు సంబంధాలు రావాలి కదా" అనకండి. ఇక్కడ కౌన్సెలింగ్ సంగతి కాలేజీకో, పనిచేసే చోటికో, మీ పక్కింటివాళ్లకో చెప్పరు. ప్రాణాపాయం ఉందనిపిస్తే తప్ప గోప్యంగానే ఉంచుతారు. మీకే గుబులుగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, టెలీ మానస్ అది. ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

చచ్చిపోవాలనిపిస్తే ఇవేవీ చదువుతూ కూర్చోకండి. ఇంగ్లండులో 111 కొట్టి మానసిక ఆరోగ్యం ఆప్షన్ ఎంచుకోండి, లేదా ఏ వేళకైనా ఉచితంగా పలికి, మన బాధ వినే సమారిటన్స్ అనే సంస్థ నంబరు 116 123. వెంటనే ప్రమాదముంటే 999. పక్కవాడికి అలా అనిపిస్తోందని అనుమానమొస్తే నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం అక్కర్లేదు.

ఇంకొకటి, అన్నిటికంటే ముందు చేయాల్సింది. దిగిన వారంలోనే దగ్గర్లోని జీపీ (ఇక్కడ మొదట చూపించుకునే మామూలు డాక్టరు) క్లినిక్‌లో పేరు నమోదు చేయించుకోండి, ఒంట్లో బాగున్నా సరే. వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌ఛార్జ్ కట్టే వచ్చారు, మొహమాటమెందుకు? అడ్రస్ ప్రూఫ్ లేదని రిసెప్షన్‌లో వెనక్కి పంపబోతే, నమోదుకి అది తప్పనిసరి కాదని మర్యాదగా చెప్పండి. 18 ఏళ్లు నిండినవాళ్లు టాకింగ్ థెరపీకి, అంటే మాటలతో చేసే చికిత్సకి, జీపీ చీటీ లేకుండా ఆన్‌లైన్‌లో స్వయంగా పేరు ఇచ్చుకోవచ్చు. దుబాసీ కావాలంటే ఆ ఫారం నింపేటప్పుడే తెలుగు అని రాయండి. వెయిటింగ్ వారాలకి వారాలు ఉండొచ్చు, అందుకే బాగా ముదిరేదాకా ఆగకండి.