మూడో పేజీలో ఒక్క మాట

అమ్మా,

నీ కథ చదివాను. ముగింపు గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మూడో పేజీలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. అప్పు తీర్చలేని ముసలాయన చేతులు కట్టుకుని, "అయ్యా, ఇంకో వారం డెడ్‌లైన్ ఇవ్వండి" అంటాడు. రోజూ నోట్లో నలిగే మాట కదా, గబగబా రాసేసి ఉంటావు. కానీ ఆయన అలా అడగడమ్మా. "ఇంకో వారం గడువివ్వండి" అంటాడు.

రెండూ ఒకటే కదా అంటావేమో. గడువంటే గడవడానికి ఇచ్చిన కాలం. అందులో రోజులుంటాయి. అడగొచ్చు, ఇవ్వొచ్చు, బతిమాలితే ఇంకో నాలుగు రోజులు కలుస్తాయి. డెడ్‌లైన్‌లో రోజులుండవు. ఆ రోజుల చివర గీసిన గీత అది. గీతను పెడతారు, జరుపుతారు. వారం పొడవున్న గీత ఎక్కడుంటుంది చెప్పు?

గీత అని మాటవరసకి అనడం లేదు. మొదట్లో అది నేల మీద కంటికి కనిపించే హద్దే. అమెరికా అంతర్యుద్ధంలో, 1864 ఫిబ్రవరిలో, జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ దగ్గర దక్షిణాది సైన్యం యుద్ధఖైదీల శిబిరం ఒకటి తెరిచింది. చుట్టూ పైన్ దుంగల గోడ. ఆ గోడకి లోపలివైపు సుమారు 19 అడుగుల దూరంలో గుంజలు పాతి, వాటి మీద అడ్డకర్రలు కొట్టారు. వంగితే ఎవరైనా దూరిపోగల కంచె. దాని పేరే డెడ్ లైన్. అది దాటితే పైనున్న కాపలావాడు కాల్చేస్తాడు.

10 వేల మంది కోసం అనుకున్న ఆ చోట ఆగస్టు నాటికి 32 వేల మందికి పైగా కిక్కిరిసి ఉన్నారు. తాగడానికీ, మురుగుకీ ఒకటే వాగు. కాస్త తేటనీరు కావాలంటే వాగు గోడ కింద నుంచి లోపలికొచ్చే చోటికి, అంటే ఆ కంచె పక్కకే వెళ్లాలి. అక్కడ కంచె కింద నుంచి చెయ్యి చాపి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లున్నారు. శిబిరం నడిచిన 14 నెలల్లో దాదాపు 13 వేల మంది పోయారు, ఎక్కువమంది రోగాలతో, తిండి లేక. యుద్ధం అయ్యాక శిబిరం అధికారి హెన్రీ విర్జ్‌ను విచారించినప్పుడు అభియోగాల్లో ఈ కంచె కూడా ఉంది. 1865 నవంబర్ 10న ఉరి తీశారు.

ఇంత కథ దొరికాక అక్కణ్ణుంచి పత్రికాఫీసుకి ఒక్క గెంతు గెంతాలనిపిస్తుంది. గెంతకు. మధ్యలో అచ్చుయంత్రం ఉంది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ప్రెస్సువాళ్లు యంత్రం బెడ్ మీద, అంటే పేర్చిన అక్షరాలు పెట్టే పలక మీద, ఉండే ఒక గీతను కూడా డెడ్‌లైన్ అనేవారు. ఆ గీత బయట పేర్చిన అక్షరం కాగితం మీద పడదు. 1920 ప్రాంతానికి అమెరికా పత్రికల్లో వార్త అందాల్సిన ఆఖరి వేళకి అదే పేరు స్థిరపడింది. ఒకదాని కడుపున ఇంకొకటి పుట్టడం కళ్లారా చూసినట్టు రాసేవాళ్లు చాలామంది. నువ్వు మాత్రం మూడు చోట్లా గీత ఉందనే దగ్గర ఆగు.

నా మొదటి కథ సోమవారం ఇవ్వమన్నారు ఒక పత్రికవాళ్లు. ఆఖరి వాక్యం చెక్కుతూ కూర్చుని మంగళవారం పొద్దున పట్టుకెళ్లాను. అప్పటికే పేజీ అచ్చుకి వెళ్లిపోయింది. నా కథ రావాల్సిన చోట తలనూనె ప్రకటన! గీత బయటి అక్షరం సంగతి అప్పటికి నాకు తెలీదు. తెలిసినా నవ్వొచ్చేది కాదులే.

ఇంకో తమాషా చూడు. ఆ శిబిరంలో మనిషి గీతను దాటేవాడు. ఇప్పుడు "డెడ్‌లైన్ దాటిపోయింది" అంటున్నాం. మనం కుర్చీలో కూర్చునే ఉంటాం, గీతే మనల్ని దాటుకుని వెళ్లిపోతుంది.

అలాగని కథంతా వెతికి ప్రతి డెడ్‌లైన్‌నీ గడువుగా మార్చి కూర్చోకు. తెలుగు మీద ప్రేమతో చేసే ఆ పని కథను చంపేస్తుంది. ఏడో పేజీలో మేనేజర్ "ఆరింటికి డెడ్‌లైన్, నో ఎక్స్‌క్యూజెస్" అని మెసేజ్ పెడతాడు చూడు, అది అలాగే ఉండాలి. అతను ఇచ్చేది కాలం కాదు, టెన్షన్. నీ కథలో గడువు అడిగే ముసలాయనా, డెడ్‌లైన్ పెట్టే మేనేజరూ ఇద్దరూ ఉన్నారు, అదృష్టవంతురాలివి. ఎవరి మాట వాళ్ల నోట్లో పెట్టు.

తిరగరాసి ఈ నెలాఖరులోగా పంపు. ఇంకో నాలుగు రోజులు కావాలంటే అడుగు, ఇస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు