గ్రైండర్ కొనాలా, పిండి కొనాలా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. ఇద్దరం ఉద్యోగస్తులం. ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. మావారు ఏడింటికల్లా రేణిగుంట వైపు కంపెనీ బస్సు ఎక్కాలి. అందుకే రోజూ వీధి చివర నుంచి 220 రూపాయల టిఫిన్ పార్సిల్. ఆదివారం యాప్‌లో 450. అత్తమ్మ మాత్రం అంబలే తాగుతారు. నెలకు 7,500 ఇలా పోతుంటే, జూన్ రాగానే పిల్లల ఫీజుకు గాజులు బ్యాంకులో పెడుతున్నాం. 6,500 పెట్టి వెట్ గ్రైండర్ ఈఎంఐలో కొంటే ఏమైనా మిగులుతుందా? మావారేమో కార్న్‌ఫ్లేక్స్ మొదలుపెడదాం అంటున్నారు.

జవాబు: గ్రైండర్ ఇప్పుడే వద్దమ్మా. మా ఇంట్లో గ్రైండర్ మీద రెండేళ్లుగా బియ్యం సంచి కూర్చుని ఉంది కాబట్టి కాదు, లెక్క చూసే చెబుతున్నాను.

నలుగురికి పదహారు ఇడ్లీలంటే ఇంచుమించు కిలో పిండి. రుబ్బిన పిండి కిలో 60 అనుకుందాం. చట్నీకి గుప్పెడు శెనక్కాయలు, పచ్చిమిరపకాయలు, తాళింపు, గ్యాసు అన్నీ కలిపి ఇంకో 30. అంటే 90తో పొద్దుటి పని అయిపోయింది. పార్సిల్ మీద 130 మిగిలింది. అదే పిండి మీరే రుబ్బుకుంటే మినప్పప్పు, బియ్యం, కరెంటు కలిపి 30 అవుతుంది. అంటే అదనంగా మిగిలేది ఇంకో 30 మాత్రమే. పార్సిల్ మానేసి పిండికి రావడం మేడ దిగడం లాంటిది. పిండి మానేసి గ్రైండర్‌కు రావడం గడప దిగడమే.

వారానికి నాలుగు రోజులు ఇంట్లో వండితే నెలకు 17 రోజులు. గ్రైండర్ వల్ల అదనంగా మిగిలేది 510. పెట్టిన 6,500 తిరిగి రావడానికి 13 నెలలు పడుతుంది. నో కాస్ట్ ఈఎంఐ అని బోర్డు పెట్టినా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ఇక పప్పు నానబెట్టేది, రుబ్బేది, ఆ రాయి ఎత్తి కడిగేది ఎవరు? మీ ఉత్తరం చూస్తే మీరేనని తెలుస్తోంది. మీ నడుం నొప్పి నుంచి వచ్చే 510ని నేను మిగులు ఖాతాలో రాయను.

కార్న్‌ఫ్లేక్స్ సంగతి. నలుగురికి లీటరు పాలు, నూట యాభై గ్రాముల పైన ఫ్లేక్స్ కావాలి. 120 దాకా అవుతుంది. పదిన్నరకు పిల్లలకు మళ్లీ ఆకలేస్తే బిస్కెట్ ప్యాకెట్ వేరే. ఇడ్లీ కంటే ఇదే ఖరీదు.

నిజానికి మీ ఇంట్లో అందరికన్నా తొందరగా టిఫిన్ ముగించేది అత్తమ్మగారే. రాగి అంబలి రాత్రే కాచి పెడితే, పొద్దున మజ్జిగ పోసి ఉప్పు కలిపి ఉల్లిపాయ నంజుకుంటే అయిపోయింది. పిల్లలు రోజూ తాగరు, బలవంతం చేయకండి. కానీ ఇడ్లీ పిండి మిగిలిన రోజు అందులో రాగిపిండి కలిపి దోసె పోసి, ఎర్రకారం పూసి ఇస్తే కాదనరు. పిండి అయిపోయిన రోజు బొరుగులు తడిపి ఉగ్గాని చేస్తే పది నిమిషాల పని. ఉల్లిపాయలు, మిరపకాయలు రాత్రే తరిగి పెట్టే బాధ్యత మీవారిది. బస్సు పొద్దున కదా, రాత్రి ఖాళీయే.

మిగతా రెండు రోజులు పార్సిల్ తెచ్చుకోండి. మొత్తం మానేస్తే పది రోజుల్లో మళ్లీ మొదటికొస్తారు. భక్తుల ఊరు మనది, తెల్లారకముందే ఎక్కడో ఒకచోట ఇడ్లీ ఆవిరి లేస్తుంటుంది. ఆరుంపావుకు ‘ఈరోజు ఏం చేద్దాం’ అని ఆలోచన మొదలైతే కాళ్లు అటే పోతాయి. ఏ రెండు రోజులు బయటి టిఫినో ఆదివారం రాత్రే అనుకోండి.

ఆదివారం యాప్ మాత్రం తీసేయండి. చాలాచోట్ల యాప్‌లో దోసె ధరే హోటల్ ధర కన్నా ఎక్కువ. దాని మీద ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజు. అదే టిఫిన్ హోటల్‌కు వెళ్లి కూర్చుని తింటే 280లో వస్తుందనుకుంటే, నాలుగు ఆదివారాలకు 680 మిగులు. పైగా దోసె కరకరలాడుతూ ఉంటుంది, డబ్బాలో చెమట పట్టిన దోసె నాకైతే గొంతు దిగదు.

పిండి వల్ల 2,210, ఆదివారాల వల్ల 680. మొత్తం 2,890. ఇందులో 2,500 మాత్రమే పొదుపులోకి వేయండి. ఎవరికో జ్వరం వస్తుంది, చుట్టాలొస్తారు, ఆ 390 అందుకే. జీతం పడ్డ మర్నాడు దానంతట అదే కట్ అయ్యేలా మీ జీతం ఖాతా ఉన్న బ్యాంకులోనే ఏడాది ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) పెట్టండి. జూన్‌లో ఫీజు కట్టిన వెంటనే మొదలుపెడితే వచ్చే ఫీజు నాటికి చేతికొస్తుంది. 6 శాతం వడ్డీ అనుకున్నా దాదాపు 31,000 అవుతుంది. అదే 30,000 గాజుల మీద 9 శాతానికి తెస్తే ఏడాదికి 2,700 వడ్డీ మీరే కడుతున్నారు.

వచ్చే ఏడాది గాజులు బీరువాలోనే ఉన్నాయంటే అప్పుడు రాయండి. గ్రైండర్ మీద మనసు ఇంకా పోకపోతే, ఆ 2,700కు కొంత కలిపి ఈఎంఐ లేకుండా కొనే దారి చూద్దాం.