‘నో’ కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగు, అల్లుడూ

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి పదకొండు దాటాక నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున చూశా. "మామా, కెనడాలో వేసిన ఆ శరణార్థి క్లెయిమ్ నేనే వెనక్కి తీసుకున్నా కదా, అంటే అసలు వేయనట్టే కదా, ఇప్పుడు మళ్ళీ చదువుకి వెళ్ళడానికి నింపే స్టడీ పర్మిట్ ఫామ్‌లో చెప్పాలా వద్దా" అని. ఫోన్‌లో చెప్తే సగం వింటావు, మిగతా సగం అమీర్‌పేట కన్సల్టెన్సీలో కూర్చున్న ఆ కుర్రాడు చెప్పింది కలుపుకుంటావు. అందుకే రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చుని చదువు.

వేయనట్టు కాదురా. చెప్పాలి. జవాబు అంతే. ఎందుకు చెప్పాలి, ఎలా చెప్పాలి, చెప్పే ముందు చేతిలో ఏ కాగితం ఉండాలి అన్నదే ఇప్పుడు సంగతి.

కేసు ఓడిపోతేనే మచ్చ, మనంతట మనం వద్దనుకుంటే ఏమీ ఉండదు అని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. కెనడాలో అలా కుదరదు. శరణార్థిగా క్లెయిమ్ వేసిన కొత్తలోనే నీకు ఒక కట్ట కాగితాలు ఇచ్చి ఉంటారు, అందులో డిపార్చర్ ఆర్డర్ అని ఒకటి ఉంటుంది, ఫామ్ నంబర్ ఐఎంఎం 5238. దేశం వదిలి వెళ్ళమనే ఆదేశం అది. క్లెయిమ్ నడుస్తున్నన్నాళ్ళూ అది పడుకుని ఉంటుంది, నిన్ను ఎవరూ కదిలించరు, వర్క్ పర్మిట్ కూడా ఇస్తారు, అందుకే ఆ కాగితం ఉందన్న సంగతే మర్చిపోతారు. క్లెయిమ్ వెనక్కి తీసుకున్నట్టు నోటీసు వచ్చిన 15 రోజులకి అది నిద్ర లేస్తుంది. అక్కడి నుంచి నీకు 30 రోజులు. ఆ 30 రోజుల్లో దేశం వదలాలి, వదిలేటప్పుడు ఎయిర్‌పోర్టులో సీబీఎస్‌ఏ (కెనడా సరిహద్దు సంస్థ) ఆఫీసర్‌ని కలిసి, ఫలానా వాడు ఫలానా రోజు వెళ్ళిపోయాడు అని సర్టిఫికెట్ ఆఫ్ డిపార్చర్ తీసుకోవాలి. అది ఐఎంఎం 0056.

ఇవన్నీ పద్ధతిగా జరిగితే ఆ ఆర్డర్ కథ అక్కడితో అయిపోయినట్టే, తర్వాత నువ్వు అందరిలాగే వీసాకి అప్లై చేసుకోవచ్చు, ప్రత్యేకంగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. 30 రోజులు దాటినా, ఆఫీసర్‌ని కలవకుండా టికెట్ కొనుక్కుని వచ్చేసినా, అదే ఆర్డర్ డిపోర్టేషన్ ఆర్డర్‌గా మారిపోతుంది. దానంతట అదే. నీకు ఉత్తరం రాసి చెప్పేవాడు ఎవడూ ఉండడు. అప్పుడు తిరిగి వెళ్ళాలంటే ఏఆర్‌సీ అని విడిగా అనుమతి కావాలి, దాని ఫీజే నాలుగు వందల డాలర్లు దాటుతుంది, ఇస్తారన్న గ్యారంటీ లేదు, ఆ అవసరం ఎన్నేళ్ళు గడిచినా పోదు.

అందుకే నిన్ను యూనివర్సిటీ గురించి కాదు, ముందు ఆ కాగితం గురించి అడుగుతున్నా. "వాడి పాస్‌పోర్ట్ టొరంటో ఎయిర్‌పోర్టులోనే చేతికిచ్చారట" అని అక్క ఒకసారి అన్నది నాకు గుర్తుంది. అది మంచి లక్షణమే. క్లెయిమ్ వేసినవాళ్ళ పాస్‌పోర్ట్ సాధారణంగా సీబీఎస్‌ఏ వాళ్ళు తమ దగ్గరే ఉంచుకుని, వెళ్ళేటప్పుడు ఆఫీసర్ చేత ఇప్పిస్తారు, అంటే నువ్వు ఎవరినో ఒకరిని కలిసే ఉంటావు. పోయిన ఆదివారం మీ ఇంట్లో అటక మీద నీ నీలం సూట్‌కేస్ చూశా, ఎయిర్‌లైన్ వాళ్ళ ట్యాగ్ ఇంకా హ్యాండిల్‌కే ఉంది. దాన్ని దించు. బోర్డింగ్ పాస్, ఆ ట్యాగ్, పాస్‌పోర్ట్‌లో శంషాబాద్ స్టాంపు, విత్‌డ్రా చేసినట్టు వచ్చిన నోటీసు, ఏదీ పారేయకు. నోటీసు మీద తేదీకీ స్టాంపు మీద తేదీకీ మధ్య ఎన్ని రోజులో లెక్కపెట్టి ఒక కాగితం మీద రాయి. నీ కేసులో బరువైన అంకె అదొక్కటే, ఐఈఎల్‌టీఎస్ బ్యాండ్ కాదు.

సర్టిఫికెట్ దొరక్కపోతే కంగారు పడకు. 2022 జులై నుంచి కెనడా బయట ఉన్నవాళ్ళు కూడా ప్రైవసీ చట్టం కింద తమ ఫైలు తామే అడగొచ్చు, ఫీజు లేదు. ఇమిగ్రేషన్ శాఖని ఒకటి, సీబీఎస్‌ఏని ఒకటి, రెండూ విడివిడిగా అడుగు, ఇద్దరి దగ్గరా వేర్వేరు కాగితాలు ఉంటాయి. పట్టేది రెండు మూడు నెలలైనా పట్టనీ. ఏ ఆర్డర్ ఎప్పుడు మూతపడిందో తెలియకుండా అప్లై చేయడం కరెంటు ఉందో లేదో చూడకుండా ఫ్యూజ్‌లో వేలు పెట్టడమే.

ఇక ఫామ్. స్టడీ పర్మిట్ ఫామ్ ఐఎంఎం 1294లో వెనక వైపు ఒక ప్రశ్న ఉంటుంది: కెనడాలో గానీ ఇంకే దేశంలో గానీ నీకు వీసా లేదా పర్మిట్ ఎప్పుడైనా నిరాకరించారా, ప్రవేశం కాదన్నారా, దేశం వదిలి వెళ్ళమని ఆదేశించారా? నువ్వేమనుకుంటావు? నన్ను ఎవరూ రిజెక్ట్ చేయలేదు కదా, నేనే వెనక్కి తీసుకున్నా కదా అని ‘నో’ కొట్టబోతావు. ఆ వాక్యం చివరి ముక్క మళ్ళీ చదువు. డిపార్చర్ ఆర్డర్ అంటే వదిలి వెళ్ళమన్న ఆదేశం కాక మరేంటి? కాబట్టి ‘ఎస్’. దాని పక్కనే ఇంతకుముందు కెనడాకి అప్లై చేశావా అని ఉంటుంది, అదీ ‘ఎస్’. స్టేటస్, అంటే అక్కడ ఉండే అనుమతి, గడువు దాటి ఉన్నావా, అనుమతి లేకుండా పని చేశావా, చదివావా అని ఇంకోటి ఉంటుంది, దానికి నీ పర్మిట్ల తేదీలు ముందు పెట్టుకుని జవాబివ్వు, గుర్తున్నదాన్ని బట్టి కాదు. యూసీఐ నంబర్, అంటే ఇమిగ్రేషన్ వాళ్ళు ఒక్కో మనిషికి ఇచ్చే గుర్తింపు నంబర్, పాతదే వేయాలి. కొత్త పాస్‌పోర్ట్ తీసుకుని కొత్త మనిషిలా వెళ్దాం అని ఎవడైనా సలహా ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయ్. నీ వేలిముద్రలు వాళ్ళ దగ్గర ఉన్నాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఇది నేను ఎవరికీ పెద్దగా చెప్పలేదు, నీకు చెప్తున్నా. నేను కన్సల్టెన్సీలో ఫైళ్ళు చూసే రోజుల్లో, 2016లో, కరీంనగర్ వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. అంతకుముందు అమెరికా వీసా ఒకసారి రిజెక్ట్ అయింది. కెనడా ఫామ్ నింపుతుంటే, "సార్, అది వేరే దేశం కదా, చెప్పాలా" అని అడిగాడు, అచ్చం నువ్వు అడిగినట్టే. సీజన్, బయట పదిహేను మంది లైన్లో ఉన్నారు, నేను తల ఎత్తకుండానే "వదిలేయ్, ఎవరు చూస్తారు" అన్నా. ఆ ‘నో’ కొట్టింది నా వేలే. వాళ్ళు చూశారు. ముందు వివరణ అడుగుతూ ఒక ఉత్తరం వచ్చింది, ఆ తర్వాత తప్పుడు సమాచారం కింద 5 ఏళ్ళ నిషేధం. వాళ్ళ నాన్న ఆ ఉత్తరం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మా ఆఫీసుకి వచ్చి, ఇంగ్లీషు రాదు, ఇందులో ఏముందో చదివి చెప్పమని నన్నే అడిగాడు. చదివి చెప్పా. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇంకా బాధ.

రిజెక్ట్ అవడం వేరు, నిషేధం వేరు అని అప్పుడే నాకు బాగా తలకెక్కింది. నిజం చెప్పి రిజెక్ట్ అయితే వచ్చే ఇంటేక్‌కి ఇంకా గట్టి కాగితాలతో మళ్ళీ వెళ్ళొచ్చు. అబద్ధం చెప్పి దొరికితే అయిదేళ్ళు ఆ గుమ్మం తొక్కలేవు.

‘ఎస్’ కొట్టాక కింద ఉండే చిన్న డబ్బాలో కథ పట్టదు, విడిగా వివరణ ఉత్తరం జత చేయాలి. ఒక పేజీ, మహా అయితే ఒకటిన్నర. తేదీలు వరసగా: ఎప్పుడు వెళ్ళావు, కాలేజీ ఎప్పుడు మానేశావు, క్లెయిమ్ ఎప్పుడు, విత్‌డ్రా ఎప్పుడు, ఫ్లైట్ ఎప్పుడు. ప్రతి తేదీకీ ఒక కాగితం వెనకాల ఉండాలి. కాలేజీ మానేసిన ముక్క దాచకు, విద్యార్థులు చదువుతున్నారా లేదా అని కాలేజీలు ఇమిగ్రేషన్ వాళ్ళకి రిపోర్ట్ ఇస్తాయి. బావకి స్టెంట్ వేసినప్పుడు నువ్వు వెనక్కి రావాలని నిర్ణయించుకున్నావు కదా, ఆ ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ పెట్టు, కానీ కన్నీళ్ళు పెట్టుకోకు. ఆఫీసర్‌కి కావాల్సింది జాలి కాదు, తేదీలు కలుస్తున్నాయా లేదా అన్నదే. ఒకసారి వెనక్కి తీసుకున్నవాడు కెనడాలో మళ్ళీ శరణార్థి క్లెయిమ్ వేయడానికి అర్హుడు కాడు, ఆ సంగతి నీకు తెలుసని ఒక్క వాక్యం రాయొచ్చు. వీడు మళ్ళీ అదే దారి పడతాడేమో అన్న అనుమానానికి అది కొంత జవాబు.

ఇప్పుడు అసలు ఇబ్బందికరమైన చోటికి వద్దాం. ఆ క్లెయిమ్‌లో ఏం రాశారు? బ్రాంప్టన్‌లో నీ రూమ్మేట్ తెచ్చిన ఆ మనిషి నీ చేత సంతకం పెట్టించాడు, వర్క్ పర్మిట్ వస్తుంది చాలు అన్నాడు, నువ్వు చదివావా? అందులో ఇండియాలో నీ ప్రాణానికి ముప్పు ఉందని ఏదో ఒక కథ ఉండే ఉంటుంది. నువ్వేమో వనస్థలిపురంలో అక్క చేతి పప్పుచారు తింటూ హాయిగా ఉన్నావు. ఆఫీసర్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాడు. పాత కథకి కొత్త కథ అల్లావంటే ఇంకో ముడి పడుతుంది. అలాగని అందులో రాసిందంతా అబద్ధం అని నీ అంతట నువ్వు కాగితం మీద రాసి పంపడం కూడా తెలివి కాదు, దానికి వేరే పర్యవసానాలు ఉన్నాయి. ఈ ఒక్క విషయం నేను తేల్చగలిగేది కాదు, నీ కన్సల్టెన్సీ కుర్రాడు అసలే కాదు. ఫైలు తెప్పించుకున్నాక కెనడా ఇమిగ్రేషన్ లాయర్‌కి గానీ లైసెన్స్ ఉన్న కన్సల్టెంట్‌కి గానీ డబ్బు కట్టి చూపించు. కన్సల్టెంట్ల లైసెన్సులు ఇచ్చే కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ వాళ్ళ రిజిస్టర్‌లో పేరు ఉందో లేదో ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. గోడ మీద మేపుల్ ఆకు బొమ్మ ఉంటే లైసెన్స్ ఉన్నట్టు కాదు. డబ్బు తీసుకుని కెనడా వీసా సలహా ఇచ్చేవాడు కెనడా లాయర్ కాకపోతే, హైదరాబాద్‌లో కూర్చున్నా ఆ లైసెన్స్ ఉండాల్సిందే.

డబ్బు సంగతి నీకు తెలిసిందే, తొందరగా చెప్పేస్తా. 2025 సెప్టెంబర్ 1 నుంచి ఒక్కడికి ఏడాది ఖర్చు కింద 22,895 కెనడా డాలర్లు చూపించాలి, ట్యూషన్, ప్రయాణం విడి. క్విబెక్ లెక్క వేరు. ఎస్‌డీఎస్ అనే తొందర దారి 2024 నవంబర్ 8న మూసేశారు, ఇప్పుడు అందరూ మామూలు లైనే. నెల రోజులకి వడ్డీకి బ్యాలెన్స్ పెట్టిస్తామనే ఫైనాన్షియర్ల దగ్గరికి మాత్రం పోకు, నీ ఫైలులో ఇప్పటికే ఒక అతుకు ఉంది, రెండోది వద్దు. బావ పీఎఫ్, ఎడ్యుకేషన్ లోన్, ఆర్నెల్ల స్టేట్‌మెంట్లు చాలు.

కోర్సు గురించి మాత్రం ఆలోచించు. బీటెక్ చదివి, అక్కడ రెండేళ్ళ డిప్లొమాలో చేరి మధ్యలో వదిలి, ఇప్పుడు మళ్ళీ ఇంకో ప్రైవేట్ కాలేజీ డిప్లొమాకి వెళ్తానంటే చదువు కోసమని నేనే నమ్మను. పబ్లిక్ యూనివర్సిటీలో మాస్టర్స్ అయితే నీ డిగ్రీకి అతుకుతుంది, పైగా 2026 జనవరి నుంచి అలాంటి మాస్టర్స్‌కి ప్రావిన్స్ వాళ్ళ అటెస్టేషన్ లెటర్ అక్కర్లేదు. వచ్చినప్పటి నుంచి హైటెక్ సిటీలో టెస్టింగ్ జాబ్ చేస్తున్నావు కదా, దానికి ఇంకో ఏడాది కలుపు. జీతం స్లిప్పులు, ఫారం 16, ఇవే ఇక్కడ నీకు వేళ్ళున్నాయని చెప్పే కాగితాలు. ఈ ఏడాదే వెళ్ళాలని నీకు తొందర, మీ అమ్మకి ఇంకా తొందర, ఎదురింటి వాళ్ళబ్బాయి వెళ్ళాడని. నా లెక్కలో ఆగడమే మేలు.

"కెనడా వద్దులే, బ్రిటన్‌కి వేస్తా, వాళ్ళకేం తెలుసు" అని కూడా రాశావు. ఆ ఫామ్ కూడా ఏ దేశమైనా పొమ్మందా అని అడుగుతుంది. కెనడా, అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వలస సమాచారం ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకుంటారు, బ్రిటన్‌లో మోసం చేసి దొరికితే పదేళ్ళ దాకా గుమ్మం మూసేస్తారు. వెళ్ళాలనుంటే అక్కడికీ వెళ్ళు, కానీ ఇదే ఫైలు, ఇదే ‘ఎస్’ పట్టుకుని.

అక్క నిన్ను చిలుకూరు తీసుకెళ్ళి పదకొండు ప్రదక్షిణలు చేయించిందట. మంచిదే, నేనూ వద్దనను, నూట ఎనిమిదికి నేనూ తోడొస్తా. కానీ వీసా బాలాజీ కూడా ఐఎంఎం 0056 వెతికి పెట్టడు. శనివారం సూట్‌కేస్ దించు, దొరికినవన్నీ ఫొటో తీసి పంపు, ఒరిజినల్స్ పట్టుకుని ఆదివారం పొద్దున పదింటికి మలక్‌పేట వచ్చేయ్. మీ అత్త పెసరట్లు వేస్తానంది. లాప్‌టాప్ తెచ్చుకో, ప్రైవసీ రిక్వెస్టులు రెండూ ఇక్కడే కూర్చుని పెడదాం. అప్పటిదాకా ఆ కుర్రాడికి అడ్వాన్స్ కట్టకు, సంతకం అసలే పెట్టకు.

— మీ మామ