మధ్యాహ్నం కాగానే ఒక్క సెక్టార్‌లో పవర్ పడిపోతోంది, పీఏ (సిగ్నల్ బలం పెంచే పవర్ యాంప్లిఫయర్) పోయినట్టేనా?

తమ్ముడూ, నువ్వు చెప్పింది ఇదీ: మిర్యాలగూడ పక్కన మొబైల్ టవర్ సైట్, 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్, ఒక్కో దిక్కుకు ఒకటి చొప్పున మూడు సెక్టార్లు. ఎండలు ముదిరినప్పటి నుంచి రెండో సెక్టార్‌లో మధ్యాహ్నం పూట అవుట్‌పుట్ తగ్గుతోంది, వీఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా వైపు నుంచి ఎంత పవర్ తిరిగొస్తోందో చెప్పే కొలత) అలారం వస్తోంది, చీకటి పడేసరికి దానంతటదే క్లియర్ అవుతోంది. ఆర్‌ఆర్‌యూ (పీఏ ఉండే రేడియో పెట్టె) ఒకసారి మార్చారు, అయినా అదే కథ. ఇంకోటి తెప్పించాలా, ఈలోగా పవర్ పెంచి నడిపించొచ్చా అని అడిగావు.

రెండూ వద్దు. కొత్త పెట్టె పెట్టాక కూడా అదే సెక్టార్‌లో, అదే వేళకు అలారం వస్తోందంటే తప్పు పెట్టెది కాదు. నల్గొండ, సూర్యాపేట, అచ్చంపేట వైపు సైట్లు చూస్తూనే నా ఉద్యోగం నడుస్తోంది. పీఏ పోయిందని టికెట్ వేసిన చోట్ల చాలాసార్లు నాకు దొరికింది పాడైన జంపరో (పెట్టెను యాంటెన్నాకు కలిపే పొట్టి కేబుల్), మూసుకుపోయిన ఫిన్సో (పెట్టె వేడిని బయటికి వదిలే రెక్కలు), పెట్టెకు కరెంటిచ్చే సన్నటి డీసీ కేబులో.

ఆర్‌ఆర్‌యూలో పవర్ యాంప్లిఫయర్ తర్వాత ఒక డైరెక్షనల్ కప్లర్ ఉంటుంది. యాంటెన్నా వైపు ఎంత పవర్ వెళ్లింది, ఎంత తిరిగొచ్చింది అనేది అది కొలుస్తుంది. కాబట్టి అలారం పెట్టె పేరు మీద వచ్చినా అది చెప్తున్నది పెట్టె అవతలి సంగతి. 40 వాట్ల పోర్టు తీసుకో. వీఎస్‌డబ్ల్యూఆర్ 1.5 ఉంటే వెనక్కి వచ్చేది 4 శాతం, అంటే 1.6 వాట్లు. 2 అయితే 11 శాతం. 3కి పోతే నాలుగో వంతు, 10 వాట్లు. ఇప్పటి పీఏలు చాలావరకు డోహర్టీ పద్ధతివి. 1936లో బెల్ ల్యాబ్స్‌లో విలియం డోహర్టీ కనిపెట్టిన డిజైన్ అది. ఒక ట్రాన్సిస్టర్ ఎప్పుడూ పనిలో ఉంటుంది, రెండోది సిగ్నల్ పీక్స్ వచ్చినప్పుడే లేస్తుంది, రెండూ ఒకదాని లోడ్‌ను ఇంకొకటి సర్దుతూ ఉంటాయి. అందుకే బయట లోడ్ మారితే దానికి అస్సలు పడదు. తిరిగొచ్చిన పవర్‌ను మింగడానికి ఐసోలేటర్ ఉన్నా దానికీ ఒక హద్దుంది. ఆ హద్దు దాటకముందే సాఫ్ట్‌వేర్ అవుట్‌పుట్ తగ్గిస్తుంది, ఇంకా ముదిరితే ట్రాన్స్‌మిట్ ఆపేస్తుంది. నీ సెక్టార్ పవర్ పడిపోవడం పీఏ చచ్చిపోవడం కాదు, తనను తాను కాపాడుకోవడం.

స్పానర్ పట్టుకునే ముందు ఎన్‌ఓసీ (నెట్‌వర్క్ కంట్రోల్ రూమ్) వాళ్లను అడిగి వారం రోజుల లాగ్ తీయించు. పీఏ టెంపరేచర్, వీఎస్‌డబ్ల్యూఆర్, ఇన్‌పుట్ వోల్టేజ్, ఈ మూడూ టైమ్‌తో సహా కావాలి. టెంపరేచర్ ముందు పెరిగి, వీఎస్‌డబ్ల్యూఆర్ మామూలుగానే ఉండి పవర్ తగ్గితే అది ఎండ సమస్య. టెంపరేచర్ పెరుగుతుంటే వీఎస్‌డబ్ల్యూఆర్ కూడా పెరుగుతూ, సాయంత్రం రెండూ కలిసి దిగితే కనెక్టర్ లేదా జంపర్. కరెంటు పోయిన టైమ్‌కే పవర్ పడితే డీసీ సరఫరా. నువ్వు చెప్పిన లక్షణాలు రెండో దానికే దగ్గరగా ఉన్నాయి. ఎండకు లోహం సాగుతుంది, లోపల సరిగ్గా కూర్చోని పిన్ కాంటాక్ట్ వదులుతుంది, చల్లబడితే మళ్లీ తగులుతుంది. పొద్దున ఆరింటికి ఎక్కి సైట్ మాస్టర్ (కేబుల్, యాంటెన్నా పరీక్షించే మీటర్) పెడితే రీడింగ్ శుభ్రంగా వచ్చేది అందుకే. మంట ఎండలో ఎక్కమనడం నాకూ ఇష్టం లేదు, కానీ ఈ కేసులో కొలవాల్సింది అలారం ఉన్నప్పుడే. నీళ్లు తాగి, తోడు మనిషిని కింద పెట్టుకుని, హార్నెస్ రెండు హుక్కులతో ఎక్కు. ఎక్కేముందు కందిరీగల గూడు ఉందేమో పైకి ఒకసారి చూడు.

ముందు ఆ సెక్టార్ సెల్‌ను లాక్ చేయించు, అంటే ట్రాన్స్‌మిట్ ఆపించు. ట్రాన్స్‌మిట్ ఆన్‌లో ఉండగా కనెక్టర్ విప్పావంటే చేయి కాలుతుంది, పీఏకు ఓపెన్ లోడ్ తగులుతుంది. లాక్ అయ్యాక ఆర్‌ఆర్‌యూ దగ్గర రెండు పోర్టుల జంపర్లు అటూ ఇటూ మార్చి, మళ్లీ అన్‌లాక్ చేయించి చూడు. అలారం జంపర్‌తో పాటు వెళ్తే తప్పు యాంటెన్నా వైపు, పోర్టు దగ్గరే ఉండిపోతే పెట్టె వైపు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. అయినా టికెట్లలో ఇది రాసి ఉండటం అరుదుగా చూస్తాను, ఎందుకో మరి.

హుజూర్‌నగర్, మేళ్లచెరువు సిమెంట్ ఫ్యాక్టరీల వైపు ఒక సైట్‌లో సరిగ్గా నీలాంటి కేసే వచ్చింది. అలారం వస్తున్న జంపర్‌కు బయట టేప్ చక్కగానే ఉంది. విప్పి చూస్తే లోపల మాస్టిక్ (నీళ్లు చొరనివ్వని జిగురు టేప్) పొరే లేదు, నల్ల పీవీసీ టేప్ మాత్రమే చుట్టి వదిలేశారు. కనెక్టర్ తిప్పగానే గ్లవ్ మీద తడి తగిలింది. సెంటర్ పిన్ మీద పచ్చటి పొర, డిన్ రకం కనెక్టర్ మూతి అంచు వెంబడి బూడిద రంగు పేస్టులా తడిసిన సిమెంట్ దుమ్ము. దాన్ని తుడిచి మళ్లీ పెట్టడం దండగ. నీళ్లు అల్లిక వెంబడి కేబుల్‌లోకి పాకితే ఆ జంపర్ పని అయిపోయినట్టే, మార్చాల్సిందే.

కొత్తది బిగించేటప్పుడు మూతి లోపల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పోగులు రాలని గుడ్డతో తుడువు. కనెక్టర్ 7/16 డిన్ రకం అయితే టార్క్ రెంచ్‌తో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 4.3-10 అయితే 5 చాలు. చేత్తో అంచనాగా బిగించొద్దు. తర్వాత టేప్: ఒక పొర పీవీసీ, దాని మీద మూడు పొరలు మాస్టిక్, పైన మూడు పొరలు పీవీసీ. చివరి చుట్టు కింది నుంచి పైకి రావాలి. అప్పుడే మడతలు పెంకుటింటి పెంకుల్లా నీళ్లను కిందికి జార్చేస్తాయి. పై నుంచి కిందికి చుట్టావంటే ప్రతి మడతా నీళ్లు పట్టే జేబు అవుతుంది. జంపర్‌కు కింద చిన్న లూప్ వదులు, చినుకులు కనెక్టర్ దాకా రాకుండా అక్కడే రాలిపోతాయి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. షెల్టర్ దగ్గర ఆర్‌ఆర్‌యూ పెట్టి పైదాకా ఫీడర్ (పొడవాటి కేబుల్) వేసిన పాత సైట్లలో వీఎస్‌డబ్ల్యూఆర్ బాగుందని సంబరపడొద్దు. కేబుల్ లాస్ 3 డీబీ ఉంటే సిగ్నల్ వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి తగ్గుతుంది. రిటర్న్ లాస్ (పంపినదానికన్నా తిరిగొచ్చింది ఎంత తక్కువో చెప్పే లెక్క) 6 డీబీ మెరుగ్గా కనిపిస్తుంది. తడిసిన కేబుల్ ఒక్కోసారి పవర్‌ను తనే తాగేసి అలారం రానివ్వదు కూడా.

ఎండ సంగతి. పీఏ సామర్థ్యం 40 శాతం అనుకుంటే, రెండు పోర్టుల్లో కలిపి 80 వాట్లు బయటికి పంపడానికి 200 వాట్లు తీసుకుంటుంది. మిగిలిన 120 వాట్లు ఆ పెట్టెలోనే వేడి. దీనికి తోడు సూర్యుడు: నడినెత్తి ఎండ చదరపు మీటరుకు దాదాపు వెయ్యి వాట్లు. అర మీటరు పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పున్న పెట్టె ముఖం మీద పడేది 200 వాట్లు. తెల్ల రంగే అయినా అందులో కొంత లోపలికి పోతుంది, మాసిపోయిన పెట్టె అయితే ఇంకా ఎక్కువ. ఇలాంటి పెట్టెలు మామూలుగా 55 డిగ్రీల గాలి వేడి వరకు అని రాసిస్తారు, మన దగ్గర మేలో నీడలోనే 44, 45 చూస్తున్నాం. అందుకే సన్ షీల్డ్ పీకేసి కింద పడేసే వాళ్లను చూస్తే నాకు మండుతుంది. నీ రెండో సెక్టార్ పెట్టె పడమటి ఎండకు ఎదురుగా ఉందేమో చూడు. ఫిన్స్ నిలువుగా ఉండాలి, పైనా కిందా గాలి ఆడాలి.

మీ దగ్గర రైస్ మిల్లులు కదా, ఊక దుమ్ము ఫిన్స్ మధ్య దూదిలా పేరుకుంటుంది. పొడి బ్రష్, బ్లోయర్‌తో పోతుంది. బోరు నీళ్లతో మాత్రం కడగొద్దు, ఉప్పు పొర కట్టుకుంటుంది. సిమెంట్ దుమ్ము అయితే వానకు ముందే దులపాలి, తడిస్తే గట్టిపడుతుంది.

డీసీ గురించి చిన్న లెక్క. కరెంటు పోయి బ్యాటరీ 44 వోల్టులకు దిగింది, ఆర్‌ఆర్‌యూ 300 వాట్లు లాగుతోంది అనుకో. 6 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) రాగి కేబుల్ 40 మీటర్లు వెళ్తే పోనూ రానూ ఒకటిన్నర వోల్టుల పైనే పోతుంది, 4 స్క్వేర్ అయితే రెండున్నర. కాబట్టి రెక్టిఫయర్ (కరెంటును డీసీగా మార్చే యూనిట్) దగ్గర కాదు, పెట్టె టెర్మినల్ దగ్గర కొలువు.

ఎక్కడైనా అప్‌లింక్ (ఫోన్ల నుంచి టవర్‌కు వచ్చే సిగ్నల్) నాయిస్ పెరిగి వీఎస్‌డబ్ల్యూఆర్ బాగుంటే పీఐఎమ్ (మన క్యారియర్లే ఒకదానితో ఒకటి కలిసి పుట్టించే అనవసర సిగ్నల్) వెతకాలి. 1805, 1880 మెగాహెర్ట్జ్ క్యారియర్లు కలిస్తే మూడో ఆర్డర్ 1730 దగ్గర పడుతుంది, అది ఫోన్లు మనకు పంపే బ్యాండే. తుప్పు బోల్టు, వదులు క్లాంప్ చాలు దానికి. పీఏ మారిస్తే అది పోదు.

పీఏ నిజంగా పోతే ఎలా ఉంటుందంటావా? మంచి డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ను మింగేది) పెట్టినా, చల్లటి రాత్రి కూడా అవుట్‌పుట్ రాదు, లేదా డీపీడీ (పీఏ సిగ్నల్‌లో వచ్చే వంకరను సరిచేసే ఏర్పాటు) ఫెయిల్ అలారం రీసెట్ చేసినా మళ్లీ వస్తుంది. అప్పుడు మార్చు. పెట్టె విప్పి రిపేర్ చేయాలని మాత్రం చూడకు. గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లకు గేట్ మీద నెగటివ్ బయాస్ రాకముందే డ్రెయిన్ వోల్టేజ్ ఇస్తే అక్కడికక్కడే పోతాయి. పాత రకం పవర్ ట్రాన్సిస్టర్లలో, డమ్మీ లోడ్లలో బెరీలియం ఆక్సైడ్ ఉండొచ్చు, దాని పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం.

పవర్ పెంచడం గురించి: పెంచితే వేడి పెరుగుతుంది, తిరిగొచ్చేదీ పెరుగుతుంది, అలారం ముందే వస్తుంది. పైగా ఫోన్ పంపగలిగేది మామూలుగా 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లే. నువ్వు 40 వాట్లను 80 చేసినా అవతలి మనిషి గొంతు నీకు అంతే దూరం నుంచి వినిపిస్తుంది. జంపర్ వచ్చేదాకా 3 డీబీ తగ్గించి నడిపించు. సగం పవరే, కానీ సెక్టార్ నిలబడుతుంది.

జంపర్లు మార్చి చూశాక ఏమైందో, అలారం ఉన్నప్పుడు తీసిన డీటీఎఫ్ (తప్పు ఎంత దూరంలో ఉందో చూపే) గ్రాఫ్ ఇక్కడే పెట్టు. కొలిచే ముందు ఓపెన్, షార్ట్, లోడ్ క్యాలిబ్రేషన్ టెస్ట్ కేబుల్ చివర చేసి ఉండాలి. పీక్ ఎన్ని మీటర్ల దగ్గర లేచిందో కనబడితే అది జంపర్‌దా, యాంటెన్నాదా చెప్తాను.