పసుపు డబ్బా దగ్గర ఆగాల్సింది

హనుమకొండ

బిడ్డా,

మీ నాయిన పోవడం గురించీ, బొమ్మల్లో రంగుల గురించీ రాసి జమ్మికుంట నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. మొదటి పేజీ చదివి పక్కన పెడదామనుకున్నాను. రెండో పేజీలో ఈ వాక్యం తగిలింది: "నాయిన పోయిన పదకొండో దినాన అమ్మ పసుపు డబ్బాను పై అరలోకి ఎత్తిపెట్టింది." చాలాసేపు ముందుకు పోలేకపోయాను. ఇంత మంచి వాక్యం రాసిన పిల్ల దాని వెంటనే ఏం రాసింది? "ఆ పసుపు రంగులో చెప్పలేనంత విషాదం తొంగిచూసింది" అని. కోపమొచ్చింది. ఆ కోపం మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ బొమ్మ "ది స్క్రీమ్" (కేక)కు కూడా ఇదే గతి పట్టించావు. "ది స్క్రీమ్ మానవ వేదనను అద్భుతంగా ఆవిష్కరిస్తుంది" అన్నావు. ఎట్లా? ఏ గీతతో? ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టి? ఒక్క ముక్క లేదు. పైగా ఆ మనిషి అరుస్తున్నాడని తేల్చేశావు. చేతులు ఎక్కడున్నాయో చూశావా? చెవుల మీద. పొద్దుగూకే వేళ ఇద్దరు మిత్రులతో నడుస్తుంటే ఆకాశం నెత్తురు రంగుకు తిరిగిందనీ, ప్రకృతి గుండా ఒక పెద్ద కేక పోతున్నట్టు తోచిందనీ మంక్ రాసుకున్నాడు. కేక బయటిది. ఆ మనిషి దాన్ని వినలేక చెవులు మూసుకున్నాడు.

ఆ బొమ్మను ముందు పెట్టుకుని గీతల వెంబడి వేలు పోనీ. ఆకాశం అలలు అలలుగా వంగుతుంది, కింద నీళ్ళూ అట్లాగే వంగుతాయి, ఆ వంపే వచ్చి మనిషి ఒంట్లో దూరుతుంది. ఇక్కడిదాకా అందరూ చెప్తారు. ఇప్పుడు ఆ మనిషి నిలబడ్డ దారి పక్క రైలింగ్ చూడు. స్కేలు పెట్టి కొట్టినట్టు తిన్నగా, ఏటవాలుగా పోతుంది. దూరాన ఉన్న ఆ ఇద్దరు మిత్రులూ నిటారుగా నిలబడే ఉన్నారు, వాళ్ళకేం వినబడలేదు. నా పంతమంతా ఇక్కడే. వంకర గీతకు భయం తెచ్చిపెట్టేది పక్కనున్న తిన్నటి గీత. రైలింగ్ తీసేస్తే మిగిలేది అలల డిజైన్.

ఉన్మాదంలో ఒక్క ఊపున వేశాడని కూడా రాశావు. అదే బొమ్మను 1893 నుంచి 1910 దాకా నాలుగు తీర్లుగా వేశాడు, మధ్యలో రాతి అచ్చు కూడా తీశాడు. ఊపులో ఉన్నవాడు ప్రతిసారీ రైలింగ్‌ను అంత తిన్నగా గీస్తాడా?

నీ వ్యాసంలో రైలింగ్ లేదు. ప్రతి మేఘం రోదిస్తుంది, ప్రతి గోడ కుమిలిపోతుంది. నాయిన వెంట ఎనుమాముల మార్కెట్‌కు పోయేదాన్నని రాశావు కదా, చపాటా మిర్చి చూసే ఉంటావు. రంగు దండిగా, కారం తక్కువ. నీ విశేషణాలు ఆ జాతివి.

ఎరుపంటే కోపం, నీలమంటే శాంతి, పసుపంటే ఆనందం అని ఒక పట్టిక ఇచ్చావు. అట్లాంటి పట్టిక జర్మన్ చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్ నిజంగానే వేసుకున్నాడు. 1910లో మిత్రుడు ఆగస్ట్ మాకేకు రాసిన ఉత్తరంలో నీలాన్ని మగదన్నాడు, పసుపును మెత్తనిది, సంతోషమైనది, ఆడదన్నాడు, ఎరుపును మోటు, బరువు అన్నాడు. ఆ లెక్కలోనే నీలి గుర్రాలు, పసుపు ఆవు వేశాడు. 1916లో ఫ్రాన్స్‌లోని వెర్డన్ దగ్గర మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. అది అతని పట్టిక, మనం అప్పు తెచ్చుకునేది కాదు. బట్ట మీద కథలు గీసే మన చేర్యాల నకాషీ పటాల్లో బొమ్మల వెనక నిండా ఎరుపే ఉంటుంది. అక్కడ కోపం ఏదీ? మీ ఇంటి పసుపు పై అరలోకి పోయిన పసుపు. అది ఎక్కడ ఉందో చెప్పాక దాని అర్థం నువ్వు విప్పి చెప్పనక్కరలేదు.

నేను కొత్తవాడలో అద్దె గదిలో ఉన్న రోజుల్లో కింద ఒక బోర్డు ఆర్టిస్టు ఉండేవాడు. పగలు దుకాణాల బోర్డులు, రాత్రి గోడల మీద జాజుతో, అంటే ఎర్రమట్టి రంగుతో, నినాదాలు. ఒక రాత్రి ఆయనకు బకెట్ పట్టుకుని నిలబడ్డాను. అక్షరం మొదట్లో బ్రష్‌ను గట్టిగా నొక్కి, చివర్న ఒక్కసారిగా గుంజి వదిలేసేవాడు. తోక చీలిపోయి, సున్నం గోడ గరుకు మీద జాజు పొడిపొడిగా అంటేది. నున్నగా రాయొచ్చు కదన్నా అంటే, "నున్నగ రాస్తే కిరాణ దుకాణం బోర్డయితది తమ్మీ, గీతను గుంజాలె" అన్నాడు. 1905లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో గుంపు కట్టిన చిత్రకారుడు కిర్ష్నర్, అతని దోస్తులు చెక్క మీద ఉలి జాడలు చెరపకుండానే అచ్చులు తీశారని తర్వాతెప్పుడో చదివాను. నాకు కొత్తగా అనిపించలేదు.

ఆ గోడ గురించే కథ రాసి ఒక వారపత్రికకు పంపాను. ఎడిటర్ మహానుభావుడు చీలిన తోక పేరా మొత్తం కొట్టేసి, "అతని గుండె భగ్గున రగిలింది" అని తన సొంత ముక్క ఒకటి చేర్చి అచ్చేశాడు. కింద నా పేరు! కలిసినవాళ్ళంతా మెచ్చుకున్నది ఆ ముక్కనే. ఇప్పటికీ మండుతుంది. పారితోషికం కూడా రాలేదు, అది వేరే సంగతి. ఇప్పుడు ఎడిటర్ల అవసరం లేకుండా ఆ పని మీరే చేసుకుంటున్నారు. ఏ ఆవిష్కరణ సభకు పోయినా "ఆర్ద్రత" లేకుండా ఒక్క ఉపన్యాసం ముగియదు.

రంగే లేకుండా పని నడిపిన మనిషి జర్మన్ చిత్రకారిణి కాథే కోల్విట్జ్. 1914లో ఆమె చిన్న కొడుకు యుద్ధంలో చనిపోయాడు. 1923లో వెలువడిన ఆమె "యుద్ధం" చెక్క అచ్చుల్లో "తల్లిదండ్రులు" అని ఒకటుంది. మోకాళ్ళ మీద కూలబడ్డ ఇద్దరు ఒకే నల్లటి ముద్దయిపోయారు. తండ్రి చేత్తో మొహం కప్పుకున్నాడు, తల్లి అతని మీదికి వంగిపోయింది. ఏడ్చే మొహం ఒక్కటి కూడా కనబడదు. నీ వ్యాసంలో అమ్మ కన్నీళ్ళు ఎన్ని చోట్ల కారాయో ఒకసారి లెక్కపెట్టుకో.

పుస్తకం ఎప్పుడు వేయాలి, ముందుమాట ఎవరితో రాయించాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. వాటికి ఇవాళ నాకు ఓపిక లేదు.

అమ్మ పేజీ మళ్ళీ రాయి. విషాదం, వేదన, శూన్యం అన్న మాటలు రావద్దు. పై అర అమ్మకు అందిందా, పీట వేసుకుందా? డబ్బా స్టీలుదా, ప్లాస్టిక్‌దా? మూత మీద వేళ్ళ మరక ఉందా? ఆ రోజు పప్పులో పసుపు ఎవరు వేశారు, నువ్వేనా? లేక వేయకుండానే తిన్నారా?

ఫోన్లో ఫొటోలు తీసి పంపకు, నా కంటి ఆపరేషన్ ఇంకా కాలేదు. పోస్టులో వెయ్యి. దసరా సెలవుల్లో ఇటు వస్తే కోల్విట్జ్ బొమ్మలున్న పుస్తకం ఇస్తాను. మళ్ళీ తెచ్చి ఇవ్వాలి సుమా. దాని జోడు పుస్తకం పట్టుకుపోయిన కవి ఇప్పటికీ పత్తా లేడు.