ప్రార్థన అంశంగా మారిన కన్నీళ్లు

ప్రశ్న: మా సంఘంలో ఆరేళ్లుగా స్త్రీల కూటం నడిపిస్తున్నాను. భర్త కొడుతున్నాడని ఒక సహోదరి నా దగ్గర ఏడ్చింది. ప్రార్థన కూటంలో ఆమె పేరు చెప్పి అందరినీ ప్రార్థించమన్నాను. ఆ తర్వాత ఆమె రావడం మానేసింది. ఇప్పుడు పాస్టరు గారు కౌన్సెలింగ్ పరిచర్య మొదలుపెట్టి నన్నే చూసుకోమంటున్నారు. నేను తగుదునా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, ఆమె దగ్గరే మొదలుపెట్టండి. పరిచర్యకు పేరు, గది, రోజు తర్వాత చూసుకోవచ్చు.

ఫోన్ చేసినప్పుడు భర్త పక్కనే ఉండొచ్చు. ముందు "ఇప్పుడు మాట్లాడొచ్చా?" అని మాత్రమే అడగండి. వీలు కుదిరాక, "నిన్ను అడక్కుండా నీ మాట బయటపెట్టాను, తప్పు నాది" అనండి. మంచి ఉద్దేశంతోనే చేశానని దాని వెనకాల తగిలించకండి. ఆ మాట భర్త చెవిన పడిందా, ఇంట్లో ప్రాణభయం ఉందా అని సూటిగా అడగండి. భయం ఉందంటే తలదాచుకునే చోటు, పోలీసు సాయం చూడాలి. ఏం చేయాలో, ఎప్పుడు చేయాలో మాత్రం ఆమే నిర్ణయించుకోవాలి. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేద్దామని ఎవరన్నా ఒప్పుకోకండి. అక్కడ ఆమె నోరు విప్పితే ఇంటికెళ్లాక దెబ్బలు తినేది ఆమే.

మీరు తగరని నేననుకోను. జరిగింది దాచకుండా రాశారు. కానీ ఒంటరిగా ఈ భారం ఎత్తుకోవద్దు. బైబిల్లో నిర్గమకాండం 18లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా జనం గొడవలు తీరుస్తున్న మోషేతో మామ యిత్రో చెప్పింది అదే కదా. ముగ్గురు నలుగుర్ని ఎంచుకోండి. వాక్యం బాగా చెప్పేవాళ్లకన్నా, చెప్పింది కడుపులో దాచుకోగలవాళ్లు కావాలి. బిడ్డల్నీ, ఆస్తినీ పోగొట్టుకున్న యోబును చూడ్డానికొచ్చిన స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు అతని పక్కన నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే గాయం చేశారు. మీవాళ్లకు ముందు ఆ మౌనం నేర్పండి. ఎదుటి మనిషి ఏడుస్తుంటే వెంటనే "ప్రార్థన చేద్దాం" అనేస్తాం. చాలాసార్లు ఆ కన్నీళ్లు చూడలేకే అంటాం.

గోప్యతకున్న హద్దు మొదటి రోజే చెప్పాలి: ప్రాణానికి ముప్పున్నా, పిల్లల మీద అఘాయిత్యం జరుగుతున్నా దాచలేం. అప్పుడైనా చెప్పేది కాపాడగలిగిన వాళ్లకే, కూటానికి కాదు. నింద పాస్టరు గారి మీదో, సంఘ పెద్ద మీదో వస్తే వినడానికి బయటి మనిషి ఒకరుండాలి. అది ఇప్పుడే కాగితం మీద పెట్టించండి.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమైనది. రెండు వారాలకు మించి దిగులు వదలక, నిద్ర, తిండి దెబ్బతింటే డాక్టరు దగ్గరకు పంపాలి. చనిపోవాలనిపిస్తోందా అని అడగడానికి జంకకండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. దిగులు మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా "విశ్వాసముంటే మాత్రలెందుకు" అనేవాళ్లు తయారవుతారు, వాళ్లను గట్టిగా ఆపండి. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని పడుకుంటే మళ్లీ లేపి తినమన్నాడు. అవిశ్వాసమని గద్దించలేదు.

ఈ వారంలోనే ఆమెతో మాట్లాడండి. ఏమైందో నాకు రాయండి, పేరు మాత్రం రాయకండి.