కింగ్ ప్రసంగంలో అలంకారాలు దొరికాయి, ఇక విశ్లేషణ ఎలా రాయాలి?

మీ ప్రశ్న ఇదీ: అమెరికాలో పదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి, మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ "ఐ హ్యావ్ ఎ డ్రీమ్" ప్రసంగంలో రెటారికల్ డివైసులన్నీ పట్టుకుని రాసింది. టీచరేమో "ఇది జాబితా, విశ్లేషణ కాదు" అని తిప్పి పంపారు. ఇప్పుడేం చేయాలి?

నాకూ సరిగ్గా ఇదే జరిగింది, ఎంఏలో. ఇదే ప్రసంగం. పద్నాలుగు అలంకారాలు పట్టాను. ఇక్కడ అనఫోరా, అక్కడ మెటఫర్ (రూపకం), ఇంకోచోట అల్యూజన్ (వేరే రచననో ఘటననో గుర్తుచేసే మాట). పదికి నాలుగు మార్కులు వచ్చాయి. మా సార్ మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒకే మాట రాశారు: "అయితే?" ఆ రోజు ఆయన మీద బాగా కోపం వచ్చింది. ఇప్పుడు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ వాళ్ల పేపర్ల మీద నేనూ అదే రాస్తున్నాను.

తప్పు కొంత "అలంకారం" అన్న మాటలోనే ఉంది. వాక్యం ముందే తయారైపోయి, తర్వాత దానికి నగ పెట్టారేమో అనిపిస్తుంది. బళ్లో ఉపమేయం, ఉపమానం విడగొట్టి రెండేసి మార్కులు తెచ్చుకున్న అలవాటు ఒకటి. కింగ్ ప్రసంగంలో చాలాచోట్ల నగ తీసేస్తే కింద వాక్యమే మిగలదు. వాదమంతా అందులోనే ఉంటుంది.

ఇది నాకు తెలిసొచ్చింది చెక్కు దగ్గర.

అందరూ కల దగ్గరికి పరుగెత్తుతారు. దానికి చాలా ముందే ఆయన ఒక బాకీ లెక్క తీస్తారు. స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగం రాసినవాళ్లు ఒక ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టారు, ప్రతి అమెరికనూ దానికి వారసుడే అంటారు. నల్లజాతి పౌరుల దగ్గరికొచ్చేసరికి దేశం ఆ బాకీ ఎగ్గొట్టిందని, వాళ్ల చేతిలో చెల్లని చెక్కు పెట్టిందని, అది ఖాతాలో డబ్బు చాలదన్న ముద్రతో తిరిగొచ్చిందని అంటారు.

మాది మిర్చి వేసే కుటుంబం. నేను డిగ్రీలో ఉండగా ఒక వ్యాపారి నాన్నకిచ్చిన చెక్కు బౌన్సయింది. బ్యాంకువాళ్లు దానికో చిన్న స్లిప్పు పిన్ను కొట్టి ఇచ్చారు, "ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్" అన్నచోట టిక్కు పెట్టి. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నాన్న ఆ రెండు కాగితాలూ బీరువాలో పెట్టి, "బ్యాంకులో డబ్బు లేకేం, వాడికి ఇచ్చే బుద్ధి లేదు. గడువుందిగా, మళ్లీ వేద్దాం" అన్నారు.

కింగ్ తర్వాతి మాట కూడా ఇదే. న్యాయమనే బ్యాంకు దివాలా తీసిందంటే మేం నమ్మం, అందుకే ఆ చెక్కు మార్చుకోవడానికి వచ్చాం అంటారు. దీన్ని రూపకం అని గుర్తుపట్టడం తేలికే. ఆ రూపకం ఏం చేస్తోందో చూడమనండి మీ అమ్మాయిని. చెయ్యి చాచాల్సిన వాళ్లనుకున్నవాళ్లు ఒక్క దెబ్బకి అప్పు ఇచ్చినవాళ్లయిపోయారు, ప్రభుత్వం బాకీదారైపోయింది. ఇక వాళ్లు అడుగుతున్నది దయ కాదు, వసూలు. పైగా ఆయన దేశాన్ని కట్టినవాళ్లను పల్లెత్తు మాట అనలేదు, వాళ్ల సంతకాన్నే సాక్ష్యంగా చూపించారు. ఆ పత్రాలను నెత్తిన పెట్టుకునేవాళ్లు కాదనడానికి దారే లేదు. బ్యాంకు దివాలా తీయలేదు అనడంలో ఇంకోటి ఉంది: ఈ వ్యవస్థను వదిలి పోము, ఇక్కడే వసూలు చేసుకుంటాం అని. ఆయన ఇది మాట్లాడింది వాషింగ్టన్ ఊరేగింపులో, దాని పూర్తి పేరులో స్వేచ్ఛ కంటే ముందు ఉద్యోగాలున్నాయి. డబ్బు భాష ఊరికే రాలేదు.

మన ఊళ్లలో నోటుకు మూడేళ్లకే కాలదోషం పడుతుంది. ఆయన 1776 నాటి సంతకం పట్టుకుని 1963లో వచ్చారు! ఇది నాన్నకు తెలుగులో చెబితే, "చివరికి డబ్బులొచ్చాయా?" అని అడిగారు. 1964లో పౌర హక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాయన్నాను. "అయితే వాయిదాల మీద కట్టారన్నమాట" అన్నారు. ఆయన మిర్చి డబ్బులూ అలాగే వచ్చాయి లెండి.

ఇక అనఫోరా, అంటే వాక్యాల మొదట్లో అదే మాట మళ్లీ మళ్లీ రావడం. "ప్రభావం పెరుగుతుంది" అని రాసి ఊరుకోవద్దని చెప్పండి, పేపర్లు దిద్దేవాళ్లకు ఆ ముక్క చూస్తేనే నీరసం. ఈ ప్రసంగంలో అదొక్కటే మూడు రకాల పని చేస్తుంది. మొదట "వందేళ్ల తర్వాత కూడా" అని నాలుగుసార్లు వస్తుంది. ఆయన నిలబడింది లింకన్ స్మారకం మెట్ల మీద. లింకన్ చేసిన బానిస విముక్తి ప్రకటన 1863 జనవరి 1 నాటిది. ప్రసంగం మొదలైందే "ఫైవ్ స్కోర్ ఇయర్స్" అని, అంటే ఐదు ఇరవైలు. గెటిస్‌బర్గ్ ప్రసంగాన్ని లింకన్ మొదలుపెట్టిన పద్ధతి అది. ఆయన విగ్రహం ముందు ఆయన మాటతోనే మొదలుపెట్టి, వందేళ్ల తర్వాత కూడా, వందేళ్ల తర్వాత కూడా అంటుంటే అది ఛార్జిషీటు చదివినట్టుంటుంది.

తర్వాత "ఇదే సమయం" అన్నది. ఇది ఎవరికి జవాబో తెలిస్తేనే దాని పదును తెలుస్తుంది. మేలు కోరేవాళ్లే చాలామంది కొంచెం ఆగమని సలహా ఇస్తున్న రోజులవి. ఆ ఏప్రిల్‌లోనే బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖలో, "ఆగండి" అంటే దాదాపు ప్రతిసారీ "ఎప్పటికీ కాదు" అనే అర్థమని ఆయన రాశారు. బాకీదారు "రేపు రా" అంటాడు చూడండి, ఆ మాటకి జవాబు ఇది. చెక్కుతో మొదలైన కథే ఇంకా నడుస్తోంది.

మూడోది "నాకొక కల ఉంది" అన్నది. అక్కడికొచ్చేసరికి ఆయన రాసుకొచ్చిన కాగితం వదిలేశారు. దగ్గర్లో ఉన్న గాయని మహాలియా జాక్సన్ "కల గురించి చెప్పు మార్టిన్" అని అరిచారని అక్కడున్నవాళ్లు చెప్పారు. ఆ కల మాట అప్పటికప్పుడు పుట్టింది కాదు, రెండు నెలల ముందు డెట్రాయిట్‌లో కూడా చెప్పారు. అయినా ఆడియో వింటే తేడా తెలుస్తుంది. అంతవరకు చదువుతున్న మనిషి అక్కడినుంచి చర్చిలో బోధ చేసే పాస్టరైపోతారు. జనం మధ్యమధ్యలో కేకలేసి అందుకుంటారు. బుర్రకథలో వంతలు "తందాన తాన" అని అందుకునే లయ తెలిసిన మనకి ఇది పట్టుకోవడం కష్టం కాదు. సుమారు రెండున్నర లక్షల మంది, ఎవరి చేతిలోనూ కాగితం లేదు. మళ్లీ మళ్లీ వచ్చే ఆ మాటే వాళ్లకు పట్టుకొమ్మ.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది చివర్లో ఊళ్ల, కొండల పేర్లు. చాలామంది "ఇమేజరీ" అని ఒక్క మాట రాసి దాటేస్తారు. స్వేచ్ఛ గంట మోగనీ అంటూ ముందు న్యూ హాంప్‌షైర్, న్యూయార్క్, పెన్సిల్వేనియా, కొలరాడో, కాలిఫోర్నియా కొండలు చెబుతారు. ఎవరికీ ఇబ్బంది లేని పేర్లు. ఆ తర్వాత "అంతే కాదు" అని దక్షిణానికి తిరుగుతారు: జార్జియాలో స్టోన్ మౌంటెన్. నల్లవాళ్ల మీద దాడులు చేసే తెల్లజాతి ఆధిక్య ముఠా కు క్లక్స్ క్లాన్ 1915లో మళ్లీ ప్రాణం పోసుకున్నది ఆ కొండ మీదే. అక్కడినుంచి టెనెసీ, ఆఖరికి మిసిసిపీ. అక్కడ పెద్ద కొండల్లేవు కాబట్టి ప్రతి గుట్ట, ప్రతి చిన్న మట్టికుప్ప అంటారు. మామూలు దేశభక్తి పాటలోని ముక్కను శత్రువు ఇంటి ముంగిటి దాకా తీసుకెళ్లి అక్కడ మోగించారు.

మీ అమ్మాయికి ఇదంతా చెప్పొద్దు, వ్యాసం తనదే కావాలి. ఆడియో పదిహేడు నిమిషాలు. ఒకసారి కాగితం లేకుండా వినమనండి. రెండోసారి ప్రింటవుట్, పెన్సిల్ పెట్టుకుని, జనం ఎక్కడ గట్టిగా స్పందించారో అక్కడ గీత గీయమనండి. ఆ గీతల్లో మూడు ఎంచుకుని, ఒక్కోదాని పక్కన "ఈ మాట మామూలుగా చెప్పి ఉంటే ఏం పోయేది?" అన్న ప్రశ్నకు నాలుగు లైన్లు రాయమనండి. డివైసు పేరు ఆఖర్న, బ్రాకెట్లో పెట్టినా చాలు. మిగతావన్నీ కొట్టేయడానికి ప్రాణం ఒప్పదు, నాకూ ఒప్పలేదు.